రేవులో తెల్ల గీత

ఇంగ్లీషు మాటకు అర్థం అడిగితే ఇమ్మానుయేలు మాస్టారు వెంటనే చెప్పరు. చెప్పులు తొడుక్కుని "పద" అంటారు. రిటైరై పన్నెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

ఆ రోజు ఆయన పాత శిష్యుడు వీరేశం ఒక కాగితం పట్టుకొచ్చాడు. అతను రేవు కమిటీలో గుమాస్తా. పడవ నడిపే పోతురాజును పనిలోంచి తీసేశామని పై అధికారికి కమిటీ రాస్తున్న ఉత్తరం అది. పోతురాజు చేసిన నేరం ఒక్కటే. బరువుకు హద్దుగా పడవ పక్కన వేసిన తెల్ల గీత నీళ్ళలో మునిగాక, కమిటీ ప్రెసిడెంటుగారి వియ్యాలవారినైనా ఎక్కించుకోనన్నాడు.

"కమిటీది 'ప్రూడెంట్' నిర్ణయం అని రాశాను మాస్టారూ. నిఘంటువులో వివేకం గల, ముందుచూపు గల, జాగ్రత్త గల అని ఉంది. ఇక్కడ నప్పుతుందంటారా?"

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

గోదావరికి ఎర్రనీరు వచ్చి రెండు రోజులైంది. ఇద్దరూ రేవు చేరేసరికి, సంత ముగించుకున్న ఆడవాళ్ళు బుట్టలతో, చంటిపిల్లలతో పడవలో కిక్కిరిసి ఉన్నారు. తెల్ల గీత ఎక్కడా కనబడటం లేదు. ముందువాడికి పట్టిన గతి చూశాడేమో, కొత్త పడవవాడు కుక్కిన పేనులా ఉన్నాడు. ప్రెసిడెంటు సుబ్బారాయుడుగారు ఒడ్డున గొడుగు కింద నిలబడి "ఊఁ, కదలనియ్" అంటున్నారు. మీరూ రండని ఎవరో పిలిస్తే, "నాకేం తొందర? వచ్చే ట్రిప్పులో వస్తాను" అన్నారు. చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఊరి ప్రాణాలు ఏటికి వదిలి, తన ప్రాణం గొడుగు కింద దాచుకున్నాడు పెద్దమనిషి!

కాస్త అవతల వల బాగుచేసుకుంటున్న పోతురాజు లేచాడు. వచ్చి పడవ కట్టుతాడు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఓ పదిమంది దిగండమ్మా. గీత తేలేదాకా తాడొదల్ను."

"నిన్ను పన్లోంచి తీసేశాంరా! ఇంకా నీకేం హక్కు?" అని ప్రెసిడెంటు అరిచారు.

"పని తీసేశారండి. ఏరు తెలీకుండా చేయలేరు కదండీ."

ఆడవాళ్ళు వాణ్ణి నానా తిట్లూ తిడుతూనే దిగారు. పదకొండో మనిషి దిగాక గీత పైకొచ్చింది. అప్పుడు తాడు వదిలాడు. నడి ఏట్లో సుడి దగ్గర పడవ ఒక పక్కకు ఒరిగింది. నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగాయి. ఒడ్డున దిగినవాళ్ళలో ఒకావిడ చంకలో బిడ్డను గట్టిగా అదుముకుంది. పడవ ఆవలి ఒడ్డు చేరింది.

పోతురాజు మళ్ళీ వల ముందు కూర్చున్నాడు. వీరేశం కాగితం విప్పాడు. దాని మీద ఇంకా సంతకాలు కాలేదు.

"మరి ఈ మాట కొట్టేయమంటారా మాస్టారూ?"

మాస్టారికి కోపం ఆగలేదు.

"ఎందుకురా కొట్టేయడం? మాట బాగానే ఉంది. తప్పు మనిషి పక్కన పెట్టావు."