గూళ్ళ కొండ మీద గుడ్డు పెంకులు

అనగనగా అంటే మరీ పాతకాలం అనుకోకండి పిల్లలూ. పిట్టలకు మాటలు వచ్చిన రోజులు, కొండముచ్చులకు ఎత్తులు వచ్చిన రోజులు. ఆ రోజుల్లో గుండ్లేరు ఒడ్డున ఒక రాతికొండ ఉండేది. కొండ నిండా గాలీ వానా తొలిచిన చిన్న చిన్న గూళ్ళు.

ఆ కొండ నాదే అనేవాడు దీర్ఘవాలుడనే కొండముచ్చు. వాడికి ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. వాడు చెప్పుకున్నాడు, అడవి నమ్మింది.

ఒకనాడు వాడు పిట్టలన్నిటినీ పిలిచాడు.

"అమ్మల్లారా, అయ్యల్లారా, ఎవరి చెట్టు మీద వారు ఒంటరిగా కూర్చుంటే ఏం బాగుంటుంది? తలా ఒక గూడు ఇస్తాను. ముచ్చట్లు చెప్పుకోండి, పాటలు పాడుకోండి. అద్దె అడిగితే నా తోక కోసెయ్యండి" అన్నాడు.

ఊరికే వచ్చేదాన్ని ఎవరు కాదంటారు? పిట్టలు బిలబిల వచ్చి వాలాయి. గోరువంక తన గూట్లో గడ్డిపూలు పరిచింది. వడ్రంగిపిట్ట గూటి అంచుకు చెక్కబెరడు తోరణం కట్టింది. సాయంత్రమైతే చాలు, కొండంతా కిలకిలారావమే. ఎవరి ముచ్చట నచ్చితే వారి గూట్లో ఒక గురివింద గింజ వేసి వెళ్ళాలి. గింజలు ఎక్కువ పడినవారికి పై వరుసలో గూడు దొరుకుతుంది. ఇదీ దీర్ఘవాలుడు పెట్టిన పద్ధతి.

చారుశిఖ అనే పికిలిపిట్టకూ అక్కడ ఒక గూడు ఉండేది. ఏటి అవతల ఉన్న చెల్లెలి కబుర్లు చారుశిఖకు ఆ కొండ మీదే తెలిసేవి. జబ్బు పడిన ముసలి కోకిలను అందరూ కలిసి సాకిందీ ఆ కొండ మీదే. చారుశిఖకు ఆ చోటంటే నిజంగా ఇష్టం. అందుకే తర్వాత అంత కోపం వచ్చింది.

రానురాను పాటలకు గింజలు పడడం తగ్గింది. తగువులకు పడసాగాయి. కాకి, గుడ్లగూబ తిట్టుకున్న రోజున రెండు గూళ్ళూ ఎర్రగా నిండిపోయాయి. దీర్ఘవాలుడు ఆ రెండింటినీ పై వరుసకు ఎక్కించి చప్పట్లు కొట్టాడు. కొన్నాళ్ళకు తగువులూ పాతబడ్డాయి. అప్పుడు వాడు కొత్త ముచ్చట తెచ్చాడు.

"ఇకమీదట పిల్లలు పుట్టినవారు గుడ్డు పెంకు తెచ్చి గూట్లో పెట్టండి. ఏ చెట్టో, ఏ కొమ్మో కూడా చెప్పండి. చుట్టపక్కాలు చూడడానికి రావద్దా?"

పిల్లలూ, మీకు తెలుసో లేదో, పిల్ల బయటపడగానే చాలా పిట్టలు చేసే పని ఒకటుంది. ఖాళీ పెంకును ముక్కున కరుచుకుని దూరంగా ఎక్కడో పారేసి వస్తాయి. పెంకు లోపలి తెలుపు శత్రువు కంట పడితే గూటి జాడ తెలిసిపోతుంది. ఎవరూ నేర్పనక్కర్లేని జాగ్రత్త అది. అలాంటి జాగ్రత్తను పిట్టలు గుప్పెడు గురివింద గింజలకు వదిలేశాయి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మొదట గువ్వ పెంకు పెట్టింది. గూడు నిండా గింజలు పడ్డాయి. మర్నాటికి గువ్వ పిల్లలు లేవు. కొమ్మ మీద నాలుగు ఈకలు మిగిలాయి.

"పాపం, దాని తలరాత" అన్నాయి పిట్టలు. అంటూనే గింజలు లెక్కపెట్టుకున్నాయి.

తర్వాత గోరువంక పెట్టింది. మర్నాడు దాని తొర్రా ఖాళీ అయింది. గోరువంక గుండెలు బాదుకుంది. "జాగ్రత్త లేని తల్లి" అన్నాయి పిట్టలు. ఎంత మాటో చూడండి! బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిని పట్టుకుని అనాల్సిన మాటేనా అది?

చారుశిఖ మాత్రం ఆలోచనలో పడింది. పెంకు పెట్టిన మర్నాడే ఎందుకిలా జరుగుతోంది? పెంకు పెట్టని తీతువు పిల్లలు నేల మీద పుట్టి కూడా నిక్షేపంగా తిరుగుతున్నాయే! చోటు చెప్పమని అడిగిందీ దీర్ఘవాలుడే కదా!

అప్పటికి తన గుడ్లూ పిల్లలయ్యాయి. రేగుపొదలో మూడు పిల్లలు, ఇంకా కళ్ళు కూడా తెరవలేదు. "మనం పెంకు పెట్టొద్దు" అని మొగుడు మంజులుడికి చెప్పి మేతకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మంజులుడు రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు.

"ఒక్క పెంకు పెట్టొచ్చానే! మన గూడు పై వరుసకు వెళ్ళింది తెలుసా?"

"ఎంత పని చేశావయ్యా! చోటు కూడా చెప్పావా?"

"చెప్పకపోతే ఎలా? అందరూ మనకు పిల్లలే లేరనుకోరూ!"

చారుశిఖకు కాళ్ళూ రెక్కలూ ఆడలేదు. పిల్లల్ని మోసుకుపోదామంటే కుదిరే పని కాదు. ఏడుస్తూ కూర్చుంటే పొద్దు ఆగదు. మొగుణ్ణి పొద దగ్గర కాపలా పెట్టి, తిన్నగా దీర్ఘవాలుడి దగ్గరకు ఎగిరింది.

"అన్నా, మా ఆయన సంబరంలో తప్పు చెప్పాడు. రేగుపొదలో ఉన్నది మా పాత గూడు. పిల్లలున్నది ఏటి మలుపులో బూరుగు మోడు తొర్రలో. సిగ్గుగా ఉంది, ఇంకెవరికీ చెప్పకు. నీకొక్కడికే చెబుతున్నాను."

"నా దగ్గర చెప్పిన మాట రాతిలో పడ్డట్టే చెల్లెమ్మా" అన్నాడు వాడు, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆ బూరుగు మోడులో ఉన్నవి పిల్లలు కావు, కందిరీగలు.

చారుశిఖ గువ్వ దగ్గరకు వెళ్ళింది. గోరువంక దగ్గరకు వెళ్ళింది. కనిపించిన పిట్టనల్లా బతిమాలింది. "నన్ను నమ్మనక్కర్లేదు. సాయంత్రం కొండ మీదకు రండి, మీ కళ్ళతో మీరే చూడండి" అంది. కొందరు నవ్వారు. అయినా వచ్చారు.

పొద్దు వాలుతుండగా ఏటి మలుపులో పెడబొబ్బ వినిపించింది. ఆ వెంటనే అడవిపిల్లి పరుగెత్తుకుంటూ కొండ ఎక్కింది. మూతి బుంగలా వాచిపోయింది. ఒక కన్ను మూసుకుపోయింది. ఉన్న కోపంలో చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

"ఒరేయ్ కొండముచ్చూ! బూరుగు మోడులో పిల్లలున్నాయన్నావు, ఏవిరా? గువ్వ పిల్లల్ని చూపించావు, దొరికాయి. గోరువంక పిల్లల్ని చూపించావు, దొరికాయి. అందుకే కదరా మా చిరుత మామకు చెప్పి నీ జోలికి రాకుండా చూస్తున్నాను! ఇవాళ నన్నే చంపాలనుకున్నావా?"

ప్రతి గూట్లోంచీ ఒక తల బయటికి వచ్చింది. అప్పటికి గానీ పిల్లికి అన్ని కళ్ళూ తనవైపే ఉన్నాయని తెలియలేదు. తోక ముడిచి పొదల్లోకి జారుకుంది.

దీర్ఘవాలుడు మాత్రం తొణకలేదు.

"ఎందుకలా చూస్తారు? నేను ఒక్క పిల్లనైనా తిన్నానా? మీరు పదిమందిలో చెప్పుకున్నదే నేను మరొకరికి చెప్పాను. చెప్పమని మీ పీక పట్టుకున్నానా?" అన్నాడు.

సిగ్గులేనివాడి నోట ఎప్పుడూ ఇలాంటి న్యాయమే పలుకుతుంది.

చారుశిఖ వాడి ఎదురుగా వచ్చి వాలింది. పిడికెడంత పిట్ట. కోపంతో జుట్టు నిక్కబొడుచుకుంది.

"మేము చెప్పుకున్నది మాతో కలిసి సంతోషించేవాళ్ళకు. నువ్వు చెప్పింది మా పిల్లల్ని తినేవాళ్ళకు. ఆ రెండూ ఒకటేనా? గువ్వ ఇక్కడే కూర్చుని ఏడుస్తుంటే, ఓదార్చినట్టు దాని వీపు నిమిరావే! అప్పుడు నీ చెయ్యి వణకలేదా? మాకు గూళ్ళిచ్చానని చెప్పుకోకు. పిల్లికి మమ్మల్ని వరుసగా పేర్చి చూపించావు, అంతే."

గువ్వ తన గూట్లో పడిన గింజలన్నీ కాలితో కిందికి తోసేసి ఎగిరిపోయింది. దాని వెనుక గోరువంక లేచింది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా అన్నీ లేచాయి. అందరికన్నా చివర, తలవంచుకుని, తగువులాడిన కాకీ గుడ్లగూబా వెళ్ళాయి.

మర్నాడు దీర్ఘవాలుడు రావిపళ్ళు తెచ్చి గూళ్ళలో పెట్టాడు. పిట్టలు రాలేదు. గూళ్ళను నదిమట్టితో పూసి మెరిపించాడు. రాలేదు. కొండకొన ఎక్కి "ఇకమీదట పెంకులు అడగను, ప్రమాణం!" అని గొంతు పోయేలా అరిచాడు. వాడి అరుపు వాడికే తిరిగి వినిపించింది. చెప్పడానికి కబురు లేని కొండముచ్చుతో పిల్లికి పనేముంది? పిల్లి అభయం పోయాక చిరుత వాసన కొండ దగ్గరకు వచ్చింది. వాడు ఆ కొండ వదిలి ఎటు పారిపోయాడో ఎవరూ ఆరా తీయలేదు.

చారుశిఖ పిల్లలు ముగ్గురికీ రెక్కలొచ్చాయి. అవి మొదటిసారి ఎగిరిన రోజున చూడడానికి గువ్వ వచ్చింది. పిల్లల్ని చూసి సంతోషించింది, తన పిల్లల్ని తలుచుకుని ఏడ్చింది. చారుశిఖ దాని పక్కనే కూర్చుంది. ఆ ముచ్చట ఇంకెవరికీ తెలియలేదు.

నీతి: మనకు ఊరికే చోటిచ్చినవాడు మన మాటల్ని ఎవరి చెవిన వేస్తున్నాడో ముందే అడగాలి, మెప్పు కోసం ఇంటి గుట్టు బయటపెడితే, పోయేది మెప్పు కాదు, ఇల్లే.