రాగి చుయా

పూర్వం మోచికా రాజ్యంలో రాజు చనిపోతే, నగలతోపాటు చిన్నరాణినీ బతికుండగానే సమాధి చేసేవారు. ఈసారి ఆ వంతు చుయాది.

పూజారి ఖజానా బంగారం తన ఇంటికి చేర్చుకుని, నగలు చేసే నాంకాను పిలిచాడు. "రాజుగారి ముక్కుబిళ్ల, మిగతా నగలూ రాగితో చేసి పైన బంగారు పూత వెయ్యవే. దేవతలు పైమెరుపే చూస్తారు," అన్నాడు.

సమాధి రోజున నాంకా రాజు పక్కన పూత వేసిన రాగిబొమ్మను పడుకోబెట్టింది.

"ఇదేమిటే?" అన్నాడు పూజారి.

"చుయా, స్వామీ. దేవతలకు పైమెరుపు చాలన్నారుగా. చాలదంటే చెప్పండి, నగలు కూడా అసలు బంగారంతో మళ్లీ చేస్తాను. బంగారం మీ ఇంట్లోనే ఉందిగా."

జనం పూజారి వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకుని, "చాలు, మట్టి వెయ్యండి," అన్నాడు.

చుయా బతికింది. నాంకా మాత్రం ఇంటికెళ్లి ఏడ్చింది. వెనకటి రాజుతో తన అక్కను పూడ్చినప్పుడు ఈ ఉపాయానికి దారే లేకపోయింది. అప్పటి పూజారి నిజాయితీపరుడు, నగలన్నీ అసలు బంగారంతోనే చేయించాడు.