కెంపుల బుగ్గ

కొండవాగు రాజు గోపాలభూపతికి ఒకనాడు సరదా పుట్టింది. కోతినీ, కొండముచ్చునూ, దేవాంగపిల్లినీ కొలువుకు తెప్పించి, వాటి నడుమ పళ్లెంలో తన కెంపుటుంగరం పెట్టించాడు.

"వీటిలో ఏది ముందు ఉంగరం తీస్తుందో, ఏది తెలివిగలదో చూద్దాం!"

కొండముచ్చు పళ్లికిలించింది. కోతి హడలిపోయి ఒక్క గెంతున రాజుగారి గొడుగెక్కింది. సభంతా గగ్గోలు. సద్దుమణిగేసరికి పళ్లెం బోర్లా పడుంది. ఉంగరం లేదు.

మొలలు తడిమారు, తలపాగాలు విప్పించారు. దొరకలేదు.

రాజుగారి బావ రంగప్ప లేచాడు. రాజు ఒంటిమీది నగలన్నీ తనకే నప్పుతాయనుకునే మనిషి. రోజూ గొప్పలతో చెవులు చిల్లులు పొడిచేవాడు, ఇవాళ పెదవి విప్పీ విప్పక గొణిగాడు.

"కోతి మింగింది. దొంగతనం నేర్పింది ఈ చెన్నప్పే."

చెన్నప్ప మృగశాల కాపరి.

"పొద్దుగూకేలోగా వీణ్ణి పొలిమేర దాటించండి!" అన్నాడు రాజు.

సింహాసనం పక్కన ఓబులమ్మ తమలపాకుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. కొలువులో తాంబూలాలందించేది ఆమే. చెన్నప్ప ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఏడిస్తే వాడు దక్కడు. రంగప్ప వైపు చూసింది. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. ఇవాళ ఆయనకు తనింకా తాంబూలమే ఇవ్వలేదు!

"ఒక్క మాట, ప్రభూ. దేవాంగపిల్లి రాత్రి తిరిగేది. అదిగో, గురకపెడుతోంది. కొండముచ్చుకి ఆకులు చాలు, దాచుకునే బుద్ధి లేదు. దాచేది కోతే. దొరికింది మింగదు, ముందు బుగ్గన కుక్కుకుంటుంది."

చెన్నప్ప కోతి బుగ్గలు నొక్కాడు. రెండు నానిన సెనగలు రాలాయి. సభ గొల్లుమంది.

"మరి నా ఉంగరమేదే?"

"వెతుకుదాం ప్రభూ. ముందు దొంగను చూపించిన దొరకు మర్యాద చెయ్యొద్దా? తమ చేత్తో తాంబూలమివ్వండి."

రాజిచ్చిన తాంబూలం అక్కడికక్కడే నోట వేసుకోవాలి. లేదంటే ధిక్కారం కింద లెక్క. ఓబులమ్మ పిడికిలంత తమలపాకుల చిలక చుట్టి రాజు చేతిలో పెట్టింది.

రంగప్ప ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇంటికెళ్లి... నిమ్మళంగా..."

"నా చెయ్యి ఎంతసేపు చాపను బావా? నోరు తెరువు!"

తెరిచాడు. చిలక సగం దూరిందో లేదో, పొలమారింది. ఖళ్లున దగ్గాడు. ఉంగరం ఠంగుమని రాజుగారి పాదాల దగ్గర పడింది.

ఓబులమ్మ నెమ్మదిగా అంది:

"కోతిది సెనగల బుగ్గ, ప్రభూ. దొరగారిది కెంపుల బుగ్గ!"

రాజు పొట్ట పట్టుకు నవ్వాడు. "పొలిమేర దాకా ఆ నడకేదో మా బావే నడుస్తాడులే! ఓబులమ్మా, ఆ ఉంగరం నీదే. కాస్త కడిగి పెట్టుకో!"