మిగులు పచ్చిక

పని మొదలుపెట్టినప్పుడు ఉడుత గిలక లెక్కలో ఉన్నది పన్నెండు ఎకరాలు. ఊరికి పడమట పచ్చికబయలు తొమ్మిది, రాళ్ల వాగు ఒడ్డు మూడు. తుమ్మలగుంట, అడవి అంచున ఉన్న జంతువుల చిన్న పట్నం. పన్నెండు వందల తలలు. అంటే తలకు ఒక సెంటు ఖాళీ నేల. తగ్గదు, మిగలదు.

ఎవరూ అడక్కుండానే గిలక కొలత తీగ పట్టుకుని ఇదంతా కొలిచింది. కొండ అవతలి తోడేళ్లు ఇళ్లస్థలాల కోసం పచ్చికబయలు చుట్టూ తిరుగుతున్నాయి మరి. వాగు ఒడ్డున ముసలివి ఎండ కాచుకోగలవు గానీ, దూడలు పరుగెత్తాలంటే పచ్చికబయలే గతి. పరుగు నేర్వని దూడ తోడేలుకు ఎన్నాళ్లు దొరక్కుండా ఉంటుంది?

గిలక ఊరి సంఘం కార్యదర్శి, నక్క జంబయ్య దగ్గరికి వెళ్లింది.

“తలకు సెంటు ఖాళీ నేల ఉండి తీరాలని నియమం పెట్టండి, కార్యదర్శిగారూ. అప్పుడిక పచ్చికబయలు జోలికి ఎవరూ రాలేరు.”

నక్క తోక సర్దుకుని కూర్చుంది. “ఈ ఊళ్లో బుర్ర ఉన్నవాడివి నువ్వొక్కడివే అబ్బాయ్. తప్పకుండా పెట్టిస్తాను. కానీ నువ్వు కొలిచింది రెండు చోట్లేగా? ప్రణాళిక అన్నాక పైకప్పు లేని ప్రతి చోటూ అందులో ఉండాలి. ఇది ఉద్యానం, ఇది ఆటస్థలం, ఇది ఖాళీ జాగా అని రకాలు చెయ్యాలి. సగం పని చేసి వదిలేస్తే నీకే చెడ్డపేరు.”

సగం పని అన్న మాట గిలకకు గుచ్చుకుంది. మళ్లీ తీగ తీసింది. శ్మశానం మూడు ఎకరాలు. చెత్తదిబ్బ రెండు. మురుక్కాలవ గట్టు రెండు. బండ్ల బాట అంచులు రెండు.

చెత్తదిబ్బ మీద ఏదో నములుతున్న మేక పోలమ్మ తలెత్తింది. “దీన్నెందుకు కొలుస్తున్నావురా?”

“ఇదీ ఖాళీ జాగాయే అత్తా. పట్టికలో ఉండాలి.”

“నీ పట్టిక పాడుగాను. నా పిల్లల్ని ఇక్కడ ఆడించమంటావా?”

“ఆడించమని కాదు. లెక్క కోసం.”

“లెక్కకైతే సరే” అని పోలమ్మ మళ్లీ నమలడంలో పడింది.

సభలో నియమం ఒక్క గొంతుతో నెగ్గింది. ఊళ్లో ఖాళీ నేల ఇరవై ఒక్క ఎకరాలని గిలక చదవగానే, మనకు ఇంతుందా అని అందరూ కాళ్లు నేలకేసి కొట్టారు. ఎద్దు బసవయ్య, పక్కనే ఉన్న మనవడైన దూడను మెడతో దగ్గరికి తీసుకుంది.

నక్క లేచింది. “కావలసింది పన్నెండు. ఉన్నది ఇరవై ఒకటి. మిగులు ఎంత అబ్బాయ్?”

“తొమ్మిది” అంది గిలక, ఆలోచించకుండానే. అన్నాక దాని తోక కిందికి వాలిపోయింది.

“మిగులు నేల అడిగినవాళ్లకు ఇవ్వాలి. తోడేళ్లు అడిగాయి. ఏ తొమ్మిది ఇద్దాం? శ్మశానమా? బసవయ్యా, మీ నాన్నను తవ్వి ఇంకోచోట పెడతావా?”

“అవేం మాటలు” అంది ఎద్దు.

“చెత్తదిబ్బ ఇస్తే తీసుకోరు. కాలవ గట్టు మీద ఇల్లు నిలవదు. బాట అంచున కాపురం ఎవరు చేస్తారు? వాగు ఒడ్డున రాళ్లు. ఇక మిగిలిందేమిటో మీరే చెప్పండి.”

అందరి చూపులూ పడమటికి తిరిగాయి.

“చెత్తదిబ్బ మీద పిల్లలు పరుగెత్తలేరు కదా” అంది గిలక సన్నగా. “అది ఖాళీ నేల ఎలా అవుతుంది?”

“కొలిచింది నువ్వు. ఖాళీ జాగా అని రాసింది నువ్వు. నీ కూడిక తప్పంటావా, చెప్పు, సరిచేద్దాం.”

గిలక మనసులో మళ్లీ కూడి చూసుకుంది. కూడిక తప్పు కాదు.

పోలమ్మ ఊరుకోలేదు. “ఆ వచ్చే తోడేళ్ల తలలకూ సెంటు కావాలిగా జంబయ్యా. అదెక్కణ్ణించి తెస్తావు?”

“వాళ్ల ముంగిళ్లు ఉంటాయిగా. వాటికి మాత్రం పైకప్పు ఉంటుందా?”

వారం తిరక్కుండా పచ్చికబయలు చుట్టూ ముళ్లకంచె లేచింది. నియమం మార్చమని గిలక మళ్లీ వెళ్లి అడిగింది. సభ ఒప్పుకుంటే మార్చొచ్చని నక్క మర్యాదగానే చెప్పింది. సభలో ఇప్పుడు తోడేళ్లు కూడా ఉన్నాయి.

ఎంత కావాలో చెప్పి, ఎలాంటిది కావాలో చెప్పనివాడికి ఆ మేరకు పనికిరానిదే దక్కుతుంది.

మర్నాడు పొద్దున్నే బసవయ్య దూడను వెంటబెట్టుకుని వచ్చింది. “ఒరేయ్ గిలకా, వీడి కాళ్లు పుల్లల్లాగే ఉండిపోతున్నాయి. ఎక్కడో ఒకచోట పరుగెత్తించాలి. ఊరంతా కొలిచినవాడివి, నువ్వే చెప్పు.”

వాగు ఒడ్డున కాలు విరుగుతుంది. చెత్తదిబ్బలో గాజుపెంకులు. గట్టు మీద జారుడు. బాట పక్కన బండ్లు. గిలక ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది.

“శ్మశానమే తాతా. అక్కడొక్కచోటే నేల చదునుగా ఉంది.”

ఎద్దు పచ్చికబయలు వైపు తల తిప్పింది. కంచె లోపల తోడేళ్లు నేల మీద గీతలు గీసి పంచుకుంటున్నాయి.

“ఇకనించి అక్కడ సమాధి దిబ్బలు పెరుగుతాయి కదరా.”

“పెరుగుతాయి” అంది గిలక. “అందుకే ఇవాళే చూడాలి.”

దిబ్బకూ దిబ్బకూ నడుమ దూడ పరుగుకు సరిపోయేంత బాట ఎక్కడుందో వెతకడానికి గిలక శ్మశానం వైపు కదిలింది.