రాజావారి నామవాచకం

తెల్లదొరల ఏలుబడి రోజుల్లో, కొండల పక్కన గంధవరం అని ఒక చిన్న సంస్థానం ఉండేది. దాన్ని విజయ జగపతి అనే రాజుగారు ఏలుతుండేవారు. మనిషి మంచివారే. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

ఆయన నలభై ఏళ్ళు దాటాక ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి కలెక్టరుగారి విందులో ఏదో మాట తప్పుగా పలికితే దొరసాని నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్విందట. ఆ నవ్వు ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే వసారాలో పచార్లు చేస్తూ వ్యాకరణం వల్లె వేసేవారు. నౌన్ అంటే పేరు, వెర్బ్ అంటే పని అంటూ భాషాభాగాలు ఎనిమిదీ కంఠతా పట్టారు. కోటలో ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనే ఇచ్చేవారు. ఆయన ఆంతరంగికుడు నరహరి పంతులు వాటిని తెలుగు చేసి నౌకర్లకి చెప్పేవాడు.

ఒకనాడు రాజుగారు సంస్థానం బడి చూడ్డానికి వెళ్ళారు. అక్కడ ఏలియా మేస్టారు నల్లబల్ల మీద రెండు వరుసలు రాసి పాఠం చెబుతున్నాడు. వాటర్ అనే మాట నౌన్ల వరుసలోనూ ఉంది, వెర్బుల వరుసలోనూ ఉంది.

"ఇది తప్పు," అన్నారు రాజుగారు. "వాటర్ అంటే నీళ్ళు. నీళ్ళు నామవాచకం."

"నామవాచకమేనండి," అన్నాడు మేస్టారు వినయంగా. "వాక్యంలో పని చేయిస్తే క్రియ కూడా అవుతుందండి."

పిల్లలందరూ రాజుగారి మొహంకేసి చూశారు. ఆయనకి దొరసాని నవ్వు గుర్తొచ్చింది.

"నౌన్ నౌనే. ఇవాళ ఒకటి, రేపు ఒకటి అయితే ఇక వ్యాకరణం ఎందుకు? తప్పులు నేర్పే మేస్టారు నా బడిలో ఉండక్కర్లేదు," అని చెప్పి వెళ్ళిపోయారు.

సాయంత్రం నరహరి పంతులు మేస్టారి ఇంటికి వెళ్ళేసరికి ఆయన సామాను మూటలు కడుతున్నాడు. భార్య మరియమ్మ నెలలు నిండిన మనిషి. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఈ స్థితిలో బండి మీద కొండ ఘాటీ దాటుతారా మేస్టారూ?"

"ఉండమనేవాళ్ళు లేనప్పుడు ఏం చెయ్యను పంతులుగారూ? తప్పయిందని కాళ్ళ మీద పడదామనుకున్నాను. కానీ అలా పడితే రేపు ఆ పిల్లలకే తప్పు చెప్పాలి కదా. నోరు రాలేదు."

రాజుగారి సంగతి నరహరికి తెలుసు. ఆ ఎనిమిది భాగాలూ ఆయన పట్టుకున్న చేతికర్ర. అది నలుగురిలో లాగేస్తే ఆయన ఇంకా మొండికేస్తారు.

"మూటలు విప్పండి. రేపటిదాకా నా మాట మీద ఆగండి," అని చెప్పి వచ్చేశాడు. దారిలో నౌకర్లని పిలిచి, "రేపు నేను ఎంత చెబితే అంతే చెయ్యండి. మాటొస్తే నామీద పెట్టండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్న, దర్బారు ఇంకా కూడకముందే, రాజుగారు నరహరిని పిలిచి ఇంగ్లీషులో ఆజ్ఞలిచ్చారు. "వాటర్ ద రోజెస్. డస్ట్ ద చైర్స్." నరహరి తలవంచి వెళ్ళాడు.

కొంతసేపటికి రాజుగారు తోటలోకి వస్తే, గులాబీ మొక్కల మధ్య నిండుకుండ పెట్టి తోటమాలి గవరయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీళ్ళు పొయ్యవేంరా?"

"పొయ్యమని సెప్పనేదు బావూ. నీలు అన్నారట. అట్టుకొచ్చీసినాను."

రాజుగారు విసుక్కుంటూ హాల్లోకి వెళ్ళారు. కుర్చీల పక్కన ఒక నౌకరు తట్టనిండా వీధి దుమ్ము పట్టుకుని ఉన్నాడు. రాజుగారికి చెమటలు పట్టాయి. కుర్చీలో కూలబడి, "ఫ్యాన్ మీ," అన్నారు. అక్కడే ఉన్న నరహరి సైగ చేశాడు. ఇంకో నౌకరు విసనకర్ర తెచ్చి భక్తిగా ఆయన ఒళ్ళో పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

"పంతులూ, ఏమిటీ కోతివేషాలు? నేనేం చెప్పాను, నువ్వు వీళ్ళకేం చెప్పావు?"

"తమరు వాటర్ అన్నారు, నీళ్ళు అని చెప్పాను. డస్ట్ అన్నారు, దుమ్ము అని చెప్పాను. నౌన్ నౌనే అని తమరు సెలవిచ్చాక, అందులో లేని క్రియని నా నోటితో చేర్చడానికి నేనెంతవాణ్ణి ప్రభూ?"

రాజుగారు ఒళ్ళోని విసనకర్ర వంక, దుమ్ము తట్ట వంక చూశారు.

"అయితే ఏలియా చెప్పింది..." అని గొంతు తగ్గించారు. "నాకు ఇంగ్లీషు రాదన్నమాట."

"అంత మాట ఎందుకు ప్రభూ? మేస్టారు బల్ల మీద రాసింది తమరు పొద్దున్నించీ తడుముకోకుండా మాట్లాడుతున్నారు. తమకి భాష వచ్చేసింది. అది ఎప్పుడొచ్చిందో తమరే గమనించలేదు."

రాజుగారి మొహం మెల్లగా విప్పారింది. ముందు చిన్నగా నవ్వారు. తట్ట మోస్తున్న నౌకరు తుమ్మేసరికి ఇక ఆపుకోలేక కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

వెంటనే మేస్టారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చాక, "మీ వరుసలు రెండూ ఒప్పే. బడికి వెళ్ళండి. పిల్లలకి ఆ మాట నేనే వచ్చి చెబుతాను," అన్నారు రాజుగారు. పురుడు అయ్యేదాకా మరియమ్మ దగ్గర ఉండమని కోటలోని మంత్రసానిని పంపించారు. మేస్టారు చేతులు జోడించాడు.

తరవాత రాజుగారు నరహరి వైపు తిరిగి, "ఈ పంతులికి జరీ శాలువా," అన్నారు.

నౌకరు శాలువా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నరహరి కదల్లేదు.

"ఏం పంతులూ, నచ్చలేదా?"

"మహబాగా నచ్చింది ప్రభూ. కానీ ఇది వట్టి నామవాచకమా అని చూస్తున్నాను."

రాజుగారు మళ్ళీ పకపకా నవ్వారు. లేచి వచ్చి, శాలువా మడత విప్పి, తన చేత్తోనే నరహరి భుజాల మీద కప్పారు.

"ఇదిగో, నీ క్రియ," అన్నారు.