ఆఖరున వచ్చే పోలమ్మ

పలకలింకా పుట్టని రోజుల్లో, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకునే కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరు ఉండేదట. ఆ ఊరి వీధిబడికి పోలమ్మ అనే ముసలిది రోజూ తట్టెడు ఇసుక మోసుకొచ్చి పోసేది. పోసి, అరుగు కింద నిలబడి బడివైపు చూసేది.

చూడకపోయినా బాగుండును. ఆ బడి కట్టుబాటు అలాంటిది. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో శ్రీ రాస్తారు. రెండోవాడి చేతిలో చుక్క పెడతారు. అందరికన్నా ఆఖరున వచ్చినవాడికి, ఎంతమంది పిల్లలుంటే అన్ని బెత్తం దెబ్బలు. ముప్పైమంది పిల్లలు, ముప్పై దెబ్బలు. పంతులు అచ్యుతయ్య చెడ్డవాడేం కాదు పాపం. దెబ్బ మానితే ఎవరూ మాట వినరనీ, బడి కాస్తా సంతైపోతుందనీ ఆయన భయం.

రోజూ ఆఖరున వచ్చేది సింహాద్రి. వాడిది ఏటికి అవతలి గూడెం. పడవ పొద్దెక్కాక గానీ కదలదు. వాడు చెయ్యి చాపినప్పుడల్లా పోలమ్మ గుండె గుబేలుమనేది.

ఒక వానాకాలం పొద్దున ఏరు పొంగింది. ఇసుక తవ్వుతున్న పోలమ్మ తలెత్తి చూసింది. అవతలి ఒడ్డున సింహాద్రి ఒక్కడే వరదలోకి దిగుతున్నాడు.

"ఒరే నాయనా, దిగకురా! పడవొచ్చిందాకా ఆగు!"

"ఆలీసమైపోతాది మామ్మా! ఆకరోడినైపోతాను!"

"అవ్వవు! నీ ఎనకాల నానొస్తాను. ఆకరిదాన్ని నానే!"

వాడు ఆగాడు. అన్నదేగానీ ముసలిదానికి భయమేసింది. ఉన్న పనీ పోతుందేమో! అయినా, పడవ దిగి బడికొచ్చిన వాడి వెనకాలే అరుగెక్కి అరచెయ్యి చాపింది.

"ఏమిటే ఇది?" అన్నాడు అచ్యుతయ్య.

"ఆకరున ఒచ్చినాను బాబూ. కొట్టండి."

"నువ్వు బడిపిల్లవా? పోవే!"

"ఇసక తెచ్చేది నానే గదా బాబూ. ఈ బళ్లోదాన్ని కానా?"

పిల్లలు కళ్లప్పగించి చూస్తున్నారు. కట్టుబాటు తప్పితే రేపు తన మాట ఎవరు వింటారు? అచ్యుతయ్య కళ్లు మూసుకుని కొట్టాడు. మొదటిరోజు ముప్పై దెబ్బలూ పడ్డాయి. రెండోరోజు పదిహేను దగ్గర ఆయన చెయ్యే ఆడలేదు.

మూడోరోజు పోలమ్మ మానేద్దామనుకుంది. చేతులు వాచి తట్ట లేవడం లేదు. కానీ ఏరింకా తగ్గలేదు. ఎలాగో బడిదాకా వచ్చింది.

ముప్పైమంది పిల్లలూ అరుగు కిందే నిలబడి ఉన్నారు. లోపల పంతులు ఒక్కడే.

"లోపలికి రండర్రా!" అని అరుస్తున్నాడాయన.

"ముందు పోలమ్మ మామ్మ ఎక్కాలండి. ఆమె ఎక్కినాకే మేం" అన్నాడు సింహాద్రి. మిగతావాళ్లూ కదల్లేదు.

దారిలేక పోలమ్మ ముందుగా ఎక్కింది. భయం భయంగా చెయ్యి చాపింది. అచ్యుతయ్య బెత్తం చూరులో దోపేశాడు. మొదట వచ్చినవాళ్లకు చెయ్యాల్సింది చేశాడు. ఆ వాచిన అరచేతిలో, నొప్పెట్టకుండా, శ్రీ రాశాడు. ఆయనకు ఏడుపొచ్చింది. ఆ పూట బడిలో చిన్న అల్లరి కూడా లేదు.

పోలమ్మ పోయి ఎన్ని తరాలైందో! ఇప్పటికీ ఆ ఏటి వెంబడి ఊళ్లలో, ఆలస్యమైన పిల్లవాడు గుమ్మం దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడితే మేష్టారు కోప్పడరు. "పోలమ్మ ఇంకా రాలేదులే, వచ్చి కూర్చో" అంటారు.