కాదనలేని గిజిగాడు

అనగనగా ఒక వాగు. ఆ వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లు. ఆ గిజిగాళ్లకు పెద్ద పీతకంఠుడు.

ఏటా తొలకరికి ముందు పెద్దను ఎన్నుకోవడం అక్కడి ఆచారం. వరసగా తొమ్మిదేళ్లు పీతకంఠుణ్ణే ఎన్నుకున్నారు. పెద్ద చేయవలసిన పని ఒక్కటే. కొమ్మ చివర వాలి ఊగి చూడాలి. మూడు ఊపుల్లో కొమ్మ నిలిస్తే అక్కడ గూడు కట్టుకోవచ్చు. నిలవకపోతే "వద్దు" అని చెప్పాలి.

పీతకంఠుడికి ఊగడం బాగా వచ్చు. వద్దనడమే రాదు.

ఆ ఏడు ఒక జంట వచ్చింది. "పెద్దయ్యా, పాముకు అందని కొమ్మ ఇదొక్కటే. ఇక్కడే కట్టుకుంటాం."

పీతకంఠుడు ఊగాడు. కొమ్మ నాలుగో ఊపుకు ఆగింది. ఒక్క ఊపేగా అనుకుని, "అలాగే కానీయండి" అన్నాడు.

మర్నాడు చిట్టిరెక్క అనే పిట్ట వచ్చింది. "వాళ్లకిచ్చి, ఇదే కొమ్మ మీద నాకు చోటివ్వవా బాబాయ్? నేనేం పాపం చేశాను?"

కొమ్మ ఆరో ఊపుకు ఆగింది. "అలాగేనమ్మా" అన్నాడు.

మూడోనాడు కుర్రకారు గుంపుగా దిగింది. "తాతా, మా పది గూళ్లూ ఇక్కడే. కాదన్నావో, వచ్చే ఏడు నీ పెద్దరికం ఉండదు!"

ఈసారి కొమ్మ మొదలు కిర్రుమంది. పీతకంఠుడు ఆ చప్పుడు విన్నాడు. అయినా, "అలాగే" అన్నాడు.

గూళ్లన్నీ వేలాడాక వెళ్లి చూస్తే, కొమ్మ మొదట్లో చీలిక! గూడు గూడుకూ ఎగిరి మొత్తుకున్నాడు. "వద్దర్రా! ఇంకా గుడ్లు పెట్టలేదు. ఇప్పుడే వేరే కొమ్మకు పోదాం!"

"నువ్వు ఊగి సరేనన్నాకేగా కట్టుకున్నాం?" అంది చిట్టిరెక్క.

"తొమ్మిదేళ్లలో ఒక్కసారీ వద్దనని నోరు! తాతకు ఎండదెబ్బ తగిలింది, నీళ్లు పట్టండ్రా!" అని కుర్రకారు పడీపడీ నవ్వింది.

గుడ్లు పెట్టారు. పిల్లలు కళ్లు తెరిచారు. ఆ వారమే గాలివాన వచ్చింది. కొమ్మ ఫెళ్లున విరిగింది. రెక్కలున్నవాళ్లు ఎగిరిపోయారు. రెక్కలు రానివాళ్లు వాగులో కొట్టుకుపోయారు.

మళ్లీ తొలకరి దగ్గరపడింది. మిగిలినవాళ్లంతా చేరారు. "పీతకంఠుడే ఉండాలి. మన మాట ఎన్నడూ కాదనడు" అన్నారు.

పీతకంఠుడి చెవిలో ఆ కిర్రుమన్న చప్పుడు ఇంకా ఉంది. "నాకొద్దు" అందామని నోరు తెరిచాడు. అందరూ తన వైపే చూస్తున్నారు.

"అలాగే" అన్నాడు.

పిల్లలూ, అనవలసిన రోజున వద్దనని పెద్ద, ఆ తర్వాత ఎంత అరిచినా ఎవరూ నమ్మరు.